ప్రియదర్శిని – సత్యపీఠము



శ్రీ గురుచరణారవిందములకు నమస్కరించి, ఈ సాయంకాలం మనం ఒక చిన్న ప్రశ్నను విచారించుకొందాము. నిన్నటి ఉపన్యాసం ముగిసిన తరువాత ఒక మాతృమూర్తి మా వద్దకు వచ్చి, “గురువుగారూ, మా పిల్లలు సినిమాలు చూస్తారు, నవలలు చదువుతారు. వద్దని వారించవలెనా? ఆ సమయంలో గీత చదివించితే మంచిది కదా?” అని అడిగినారు. ముప్పయి సంవత్సరముల క్రితమైతే “వారించండి” అని ఒక్క మాటలో చెప్పి ఉండేవారము. మేము చదువుకొన్న పాఠశాలలో సినిమా అన్న మాట పలుకుటకే భయపడేవారము. ఈనాడు మాత్రం అంత తేలికగా సమాధానం చెప్పలేకపోయినాము. ఎందుకో మనవి చేస్తాము.

మొదట శాస్త్రం ఏమన్నదో చూడండి. నాట్యమును మన పూర్వులు హీనముగా చూడలేదు. బ్రహ్మదేవుడు ఋగ్వేదము నుండి పాఠ్యమును, సామవేదము నుండి గీతమును, యజుర్వేదము నుండి అభినయమును, అథర్వణవేదము నుండి రసములను గ్రహించి నాట్యవేదమును నిర్మించినాడని భరతముని చెప్పినారు. ఇక కావ్యప్రకాశమునకు వ్యాఖ్యానం చెప్పిన పెద్దలు ఉపదేశము మూడు విధములన్నారు. వేదము ప్రభువు వలె ఆజ్ఞాపిస్తుంది. పురాణము మిత్రుని వలె నచ్చజెప్పుతుంది. కావ్యము ఇల్లాలి వలె మనస్సు కరిగించి దారికి తెస్తుంది. దృశ్యకావ్యమైనా, చదువుకొనే కథ అయినా ఈ మూడవ కోవలోనిదే. అయితే ఆ కరిగిన మనస్సు ఏ మూసలోనికి పోతున్నదని చూచుకొనుట మాత్రం మన బాధ్యత.

ఉదాహరణకు “మాయాబజార్” తీసుకొందాము. 1957లో విజయా వారు నిర్మించగా, కె.వి.రెడ్డిగారు దర్శకత్వం వహించినారు, పింగళి నాగేంద్రరావుగారు రచన చేసినారు. 2010లో దానికి రంగులద్ది మరల విడుదల చేసినారు. ఈ శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతములో లేదు. జనులు చెప్పుకొన్న కథ. అయినను అందులో రెండు వస్తువులున్నవి; వాటిలో వేదాంతమంతా ఇమిడి ఉన్నదని మాకు తోచినది. ఒకటి ప్రియదర్శిని, రెండవది సత్యపీఠము.

ప్రియదర్శిని ఒక పెట్టె. దానిని ఎవరు తెరచిన వారికి అత్యంత ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖ తెరచినది, అభిమన్యుడు కనబడినాడు. రేవతీదేవి తెరచినది, మణిమాణిక్యములు కనబడినవి. బలరాములవారు తెరచినారు, ప్రియశిష్యుడైన దుర్యోధనుడు కనబడినాడు. అందరూ నవ్వుకొన్నారు, మనమూ నవ్వుకొంటాము. కాని కథ ముందుకు పోయిన కొలదీ ఏమి జరిగినది? పాండవులు రాజ్యం పోగొట్టుకొనగానే ఆ తల్లిదండ్రులు అభిమన్యునికిత్తుమన్న మాటను ప్రక్కన బెట్టి, దుర్యోధనుని కుమారునికి పిల్లనివ్వ సిద్ధపడినారు. ఆ నిర్ణయం ఆనాడు పుట్టినది కాదు. పెట్టె తెరచిననాడే అది వారి లోపల ఉన్నది. తల్లికి సంపద, తండ్రికి శిష్యుడు. మనం ఏమి చేయబోతామో మనకు ప్రియమైనది ముందుగానే నిర్ణయించి ఉంచుతుంది. తరువాత బుద్ధి వచ్చి దానికి న్యాయం, మర్యాద, లోకజ్ఞానం అని పేర్లు పెడుతుంది.

కృష్ణపరమాత్మ తెరచినప్పుడు శకుని కనబడినాడు. శకుని ఆయనకు ప్రియుడా? మాకు తోచినది మనవి చేస్తాము. జగన్నాటక సూత్రధారికి ప్రియమూ అప్రియమూ లేవు, నాటకములోని పాత్ర మాత్రమే ఉన్నది. మనకో, అన్నీ ప్రియములూ అప్రియములే.

విద్యారణ్యస్వాములవారు పంచదశిలో నాల్గవ ప్రకరణమున ఈ విషయమునే మణి దృష్టాంతముతో వివరించినారు. ఒక మణి ఉన్నది. దొరికినవానికి ఆనందం. దొరకనివానికి కోపం. విరక్తునికి చూచుట మాత్రమే. ఆనందమూ లేదు, కోపమూ లేదు. మణి ఒక్కటే, అది ఈశ్వరసృష్టి. ప్రియము, అప్రియము, ఉపేక్ష అనెడి మూడూ జీవుడు కల్పించుకొన్నవి. బంధించునది జీవసృష్టియే గాని ఈశ్వరసృష్టి కాదు.

ఈ పాఠం మేము ఎన్ని పర్యాయములు విద్యార్థులకు చెప్పినామో లెక్కలేదు. ఒకనాడు ఇంట్లో మనుమలతో కూర్చుండి ఆ చిత్రం చూస్తున్నాము. మా మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, “తాతయ్యా, ఆ పెట్టె నువ్వు తెరిస్తే ఎవరు కనబడతారు?” అని అడిగినది. “ఇంకెవరమ్మా, వేంకటేశ్వరస్వామివారే” అన్నాము. పిల్ల తృప్తిపడినది. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుచేతనంటే, అంతకు నెల రోజుల ముందు ఒక విద్వత్సభకు వెళ్ళినాము. వయస్సులో మాకంటె చిన్నవారిని ముందు వరుసలో కూర్చుండబెట్టినారు, మమ్ము వెనుక వరుసలో కూర్చుండబెట్టినారు. శాలువ కప్పినారు, సంభావన ఇచ్చినారు, ఏ లోపమూ లేదు. కాని ఆ నెల రోజులూ సంధ్యలో, జపంలో మాకు కనబడినది ఆ ముందు వరుస కుర్చీయే. చేతిలో మాల తిరుగుతున్నది, మనస్సు కుర్చీ చుట్టూ తిరుగుతున్నది. ఇక ప్రియదర్శినిలో మాకు కనబడవలసినది ఎవరు? స్వామివారా, కుర్చీయా? విద్యారణ్యులవారి మణియే మాకు కుర్చీ అయి వచ్చినది. అందులో కూర్చున్నవారికి ఆనందం, మాకు కోపం, దానిని మోసి తెచ్చి వేసిన పనివానికి అది నాలుగు కాళ్ళ కొయ్య. నలభై ఏండ్లు పాఠం చెప్పిన మాకంటె ఆ పనివాడే విరక్తుడు.

ఇక్కడ రెండవ వస్తువు, సత్యపీఠము. దాని మీద నిలిచినవాడు సత్యమే పలుకుతాడు. కపటములో ఆరితేరిన శకుని సైతం దాని మీద నిలిచి తన కుట్ర అంతా తన నోటనే చెప్పుకొన్నాడు. ప్రియదర్శిని మన కోరికను చూపుతుంది, సత్యపీఠము దానిని మన చేతనే ఒప్పిస్తుంది. చూచుట ఒకటి, ఒప్పుకొనుట ఒకటి. మొదటిది జరిగి రెండవది జరగకపోతే మనస్సు మరింత నేర్పుగా దాచుకొనుట మాత్రమే అలవరచుకొంటుంది. మనకు సత్యపీఠము ఎక్కడ ఉన్నది? గర్భాలయం ముందు మనం నిలుచుండే ఆ నాలుగడుగుల నేలయే. అక్కడ నిలిచి మనం నిజం చెప్పుతున్నామా? “స్వామీ, నీవే కావాలి” అంటాము, లోపల మాత్రం మరొక పెట్టె తెరచి ఉంటుంది.

మరునాడు ఉదయం ఆ పిల్లను పిలిచి, “అమ్మా, నిన్న తాతయ్య చెప్పినది నిజం కాదు, కనబడేది ఒక కుర్చీ” అన్నాము. “కుర్చీయా!” అని అది పకపక నవ్వినది. మాకూ నవ్వు వచ్చినది. నెల రోజుల జపమునకు కదలని కుర్చీ ఆ నవ్వుతో కొంత కదలినది. పూర్తిగా పోయినదని చెప్పము. చెప్పినచో సత్యపీఠము దిగినట్లే.

పుస్తకముల విషయమూ ఇంతే. త్రిపురనేని గోపీచందుగారి “అసమర్థుని జీవయాత్ర” తెలుగులో మనస్తత్త్వమును విప్పి చూపిన తొలి నవలలలో ప్రసిద్ధమైనది. అందులోని సీతారామారావు వంశప్రతిష్ఠను పట్టుకొని ఆస్తి హరింపజేసుకొంటాడు. పిమ్మట తన్ను తాను ప్రశ్నించుకొంటాడు, తన్ను తానే ఖండించుకొంటాడు. ఆలోచన పెరుగుతుంది, ఆచరణ తరుగుతుంది, చివరకు నశిస్తాడు. ఇది చదివినప్పుడు మాకు గీతలోని మొదటి అధ్యాయం గుర్తుకు వచ్చినది. అర్జునుడు కూడ అట్లే వాదించినాడు, గాండీవం విడిచి చతికిలబడినాడు. మరి ఇరువురికీ భేదం ఎక్కడ? అర్జునుడు రెండవ అధ్యాయమున తన వాదం ఆపి, “నాకు తెలియుట లేదు, శిష్యుడను, చెప్పుము” అన్నాడు. సీతారామారావు ప్రశ్న అడిగినదీ తననే, బదులు చెప్పినదీ తానే. తన మనస్సే వాది, ప్రతివాది, న్యాయాధిపతి కూడ అయినచోట తీర్పు ఎట్లు వస్తుంది? ఆ నవల విషాదమును చూపినది. విషాదము యోగముగా మారుటకు శరణాగతి కావలెనని గీత చూపినది. రెండింటినీ ప్రక్కప్రక్కన ఉంచి చదివినవానికి గీత విలువ మరింతగా తెలుస్తుంది.

చివరగా ఒక్క మాట. పంచదశిలో పదియవ ప్రకరణమునకు నాటకదీపమని పేరు. నాట్యశాలలో దీపం వెలుగుతున్నది. అహంకారం ప్రభువు, విషయములు సభ్యులు, బుద్ధి నర్తకి, ఇంద్రియములు తాళము వేయువారు. దీపం అందరినీ సమముగా వెలిగిస్తుంది. అందరూ వెళ్ళిపోయిన తరువాత కూడ తాను వెలుగుతూనే ఉంటుంది. ఆ దీపమే సాక్షి. సినిమా చూచేటప్పుడు తెర మీద నిప్పు మండితే తెర కాలదు, వాన కురిస్తే తెర తడవదు. మనం ఏడ్చినాము, నవ్వినాము. ఏడ్పునూ నవ్వునూ కూడ వెలిగించి చూపినది ఏది? ఆ విచారం కలిగితే నాట్యశాల కూడ పాఠశాలయే.

కావున ఆ తల్లిగారికి మా సమాధానం ఇది. అమ్మా, మంచి చెడ్డ లెంచి, తగినది ఏరి చూడనివ్వండి, చదవనివ్వండి. ముగిసిన తరువాత ప్రక్కన కూర్చుండి, “ఇందులో నీకు ఎవరు నచ్చినారు? ఎందుకు నచ్చినారు? నీవైతే ఏమి చేసి ఉందువు?” అని అడగండి. బిడ్డ చెప్పే జవాబులో ప్రియదర్శిని తెరచుకొంటుంది. పిమ్మట ఆ మూడు ప్రశ్నలనే మీరు మిమ్ము అడుగుకొనండి. అదియే సత్యపీఠము. గీత ఆ తరువాత చదివించండి. అప్పుడది పరుల కథగా ఉండదు.

రేపు ఆలయమునకు వచ్చినప్పుడు మీ పెట్టెలో ఏమున్నదో అదే స్వామికి చెప్పండి. కుర్చీ అయినా సరే, నగ అయినా సరే. ఆయనకు తెలియనిది కాదు. మనం ఒప్పుకొనవలెననియే ఆయన వేచి ఉన్నాడు.

ఓం శాంతిః శాంతిః శాంతిః.

స్వస్తి.