వెల కట్టని మనిషి
(స్మారకోపన్యాసం)



ఈ రోజు మనం స్మరించుకుంటున్న మా మాస్టారు రాజ్యాంగ న్యాయం చెప్పేటప్పుడు ఒక పద్ధతి పాటించేవారు. తీర్పు పేరు ఎత్తగానే సూత్రం అప్పజెప్పబోయినవాణ్ణి ఆపి, "ముందు మనిషిని చెప్పవయ్యా" అనేవారు. ఆ మనిషి ఎవరు, ఎలా బతికేవాడు, ఆ రోజు ఏం జరిగింది? ఇవన్నీ చెప్పాకే సూత్రం. అమెరికా పోలీసు వ్యవస్థ గురించి మాట్లాడమన్నప్పుడు నాకు ఆ పద్ధతే గుర్తొచ్చింది. ఆ దేశంలో పోలీసులకు హద్దులు గీసిన ప్రతి తీర్పు వెనకా ఒక మనిషి ఉన్నాడు. వాళ్లలో చాలామందిని ఊరు గౌరవించలేదు.

చరిత్రతో మొదలుపెడతాను. ఆ దేశపు ఉత్తరాది ఊళ్లలో మొదట ఉన్నది రాత్రి గస్తీ. మంటలు లేచినా, దొంగలు పడినా కేకవేసి ఊరిని లేపడం దాని పని. 1829లో లండన్ జీతాల పోలీసు దళాన్ని పెట్టుకున్నాక బోస్టన్ 1838లో, న్యూయార్క్ 1845లో ఆ దారి పట్టాయి. దక్షిణాది కథ వేరు. సౌత్ కరోలినా 1704 నాటికే బానిసల మీద గస్తీ దళాలను పెట్టింది. యజమాని ఇచ్చిన చీటీ లేకుండా దారిలో కనబడ్డ నల్లవాణ్ణి ఆపడం, కొట్టడం, తిరిగి అప్పగించడం వాటి పని. ఆ గస్తీవాడి కంటికి ఎదుట ఉన్నది మనిషి కాదు, సంతలో వెల పలికే ఆస్తి. నేటి పోలీసంతా అక్కణ్ణుంచే పుట్టిందనడం తప్పవుతుంది. కానీ మనిషిని చూడగానే వెల కట్టే ఆ చూపు బానిసత్వంతోపాటు పోలేదు.

మన రాష్ట్రాల్లోలాగా అక్కడ పైనుంచి కిందిదాకా ఒకే పోలీసు శాఖ లేదు. నగర పోలీసు ఆ నగర ప్రభుత్వం కింద ఉంటుంది. కౌంటీ షెరీఫ్ చాలాచోట్ల ఓట్లతో గెలిచి వస్తాడు. రాష్ట్ర పోలీసు, కేంద్ర సంస్థలు వేరు. అన్నీ కలిపి సుమారు 18,000 సంస్థలు. ఇన్నింటికీ కలిపి ఆజ్ఞ ఇవ్వగల అధికారి ఎవరూ లేరు. అందువల్ల అందరికీ వర్తించే హద్దు రాజ్యాంగం నుంచే, ఎక్కువగా సుప్రీంకోర్టు చేతుల మీదుగానే రావలసి వచ్చింది.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. 1957లో క్లీవ్‌లాండ్‌లో డాల్రీ మ్యాప్ అనే నల్లజాతి మహిళ ఇంటికి పోలీసులు వచ్చారు. ఒక బాంబు కేసు అనుమానితుడు లోపల ఉన్నాడన్నారు. ఆమె లాయరుకు ఫోన్ చేసి, వారంటు లేనిదే గడప తొక్కనివ్వనంది. కొన్ని గంటలకు వాళ్లు తలుపు బద్దలుకొట్టుకుని వచ్చి, వారంటంటూ ఒక కాగితం ఆడించారు. ఆమె దాన్ని లాక్కుని రవికెలో దోపుకుంది. వాళ్లు పెనుగులాడి తీసుకున్నారు. తర్వాత ఏ కోర్టులోనూ ఆ వారంటు కనబడలేదు. ఇల్లంతా సోదా చేసి అశ్లీల పుస్తకాలు దొరికాయని ఆమెకు శిక్ష వేయించారు. 1961లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యం ఏ రాష్ట్ర కోర్టులోనూ చెల్లదంది.

ఎర్నెస్టో మిరాండా మీద ఆరోపణ అపహరణ, అత్యాచారం. 1963లో ఫీనిక్స్ పోలీసులు రెండు గంటలు ప్రశ్నించి ఒప్పుకోలు మీద సంతకం పెట్టించుకున్నారు. లాయరును అడిగే హక్కుందని ఎవరూ చెప్పలేదు. నోరు మెదపకుండా ఉండే హక్కు, లాయరు హక్కు ముందే చెప్పి తీరాలని 1966లో కోర్టు తీర్పిచ్చింది. మళ్లీ విచారణ జరిగింది. ఆ ఒప్పుకోలు లేకుండానే అతనికి శిక్ష పడింది. హద్దు పెడితే నేరస్థులు తప్పించుకుంటారనే వాదనకు ఇదే నా జవాబు.

మూడో మనిషి పదిహేనేళ్ల పిల్లవాడు. 1974లో మెంఫిస్‌లో ఒక ఇంట్లో దొంగతనం చేసి, కంచె ఎక్కుతూ పోలీసు తూటాకు చనిపోయాడు. చేతిలో ఆయుధం లేదు. దొరికింది ఒక పర్సు, పది డాలర్లు. పారిపోయేవాణ్ణి కాల్చవచ్చని ఆ రాష్ట్ర చట్టమే చెప్పింది. తండ్రి పట్టు విడవకుండా పోరాడాడు. 1985లో కోర్టు గీత గీసింది. పారిపోతున్నవాడివల్ల ఇతరుల ప్రాణానికి గట్టి ముప్పు ఉందని నమ్మే కారణం లేనిదే కాల్చకూడదు.

ఈ హద్దుల్లో సందులూ ఉన్నాయి. బలప్రయోగాన్ని ఆ క్షణంలో అక్కడున్న సహేతుకమైన అధికారి కంటితో చూడాలని 1989లో కోర్టు అంది. పౌరులు అధికారుల మీద దావా వేసే వీలును 1871 చట్టమే ఇచ్చింది. కానీ కోర్టులు తెచ్చిన 'క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ' సిద్ధాంతం ఆ దారికి అడ్డుపడింది. ఫలానా పని రాజ్యాంగ విరుద్ధమని అప్పటికే స్పష్టంగా తేలి ఉండకపోతే అధికారి పరిహారం నుంచి బయటపడతాడు. ఇంకోటి, కొలరాడోలో ఒక తల్లి కోర్టు రక్షణ ఉత్తర్వు చేతబట్టుకుని పోలీసులను పదేపదే వేడుకుంది. ముగ్గురు కూతుళ్లూ తండ్రి ఎత్తుకెళ్లాక శవాలై దొరికారు. ఆ ఉత్తర్వును పోలీసులు అమలు చేసి తీరాలనే రాజ్యాంగ హక్కు ఆమెకు లేదని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. మీద చెయ్యి వేయకుండా ఆపే హక్కు ఉంది, పిలిస్తే వచ్చి కాపాడమని నిలదీసే హక్కు లేదు.

నిజానికి ఆ దేశంలో పోలీసుల పనిలో చాలా భాగం ఆ పిలుపులే. మతి చలించినవాడు, పొరుగింటి తగాదా, మత్తుమందు ఎక్కువై పడిపోయినవాడు. అన్నిటికీ అత్యవసర నంబరు 911కు ఫోన్ వెళ్తుంది, చాలాసార్లు తుపాకీ ఉన్న మనిషే వస్తాడు.

2023 జనవరిలో సియాటిల్‌లో అలాంటి పిలుపు మీదే ఒక పోలీసు కారు బయల్దేరింది. 25 మైళ్ల హద్దున్న వీధిలో 74 మైళ్ల వేగంతో వెళ్తూ, రోడ్డు దాటుతున్న ఆదోని అమ్మాయిని గుద్దింది. చదువుకోడానికి వెళ్లిన పిల్ల, ఇరవై మూడేళ్లు. ఒక ప్రాణం నిలబెట్టడానికి వెళ్తున్న కారు ఇంకో ప్రాణం తీసింది. ఆ తర్వాత మరో అధికారి ఫోన్‌లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే చాలని, ఆమెకు పెద్ద విలువేమీ లేదని అన్నాడు. అతని ఒంటిమీది కెమెరాలో ఆ మాటలు రికార్డయ్యాయి. నగర న్యాయవాదులు ఎలా మాట్లాడతారో అనుకరించానని అతని సంజాయిషీ. ప్రాసిక్యూటర్లు కారు నడిపిన అధికారి మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. ఆ తర్వాత ఇద్దరినీ ఉద్యోగాల్లోంచి తీసేశారు.

ఆ మాట విన్నప్పుడు నాకు 1704 నాటి గస్తీ గుర్తొచ్చింది. మళ్లీ ఒక మనిషికి వెల కట్టారు.

ఆ చూపుకు జవాబు ఆ దేశపు రాజ్యాంగంలోనే ఉంది. దానికి 1868లో వచ్చిన పద్నాలుగో సవరణ రాసినవాళ్లు ఒక మాట ఎంచుకున్నారు. చట్టపు సమాన రక్షణను "పౌరుడికి" అనకుండా "వ్యక్తికి" అన్నారు. 1886లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బట్టలుతికే ఒక చైనా మనిషి జైల్లోంచి ఆ మాటను నిలబెట్టుకున్నాడు. పౌరసత్వం లేకపోయినా ఆ రక్షణ వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మ్యాప్, మిరాండా, మెంఫిస్ పిల్లవాడు నిలబడింది ఆ సవరణ మీదే. వాళ్లు మంచివాళ్లా కారా అన్నది అక్కడ ప్రశ్న కాలేదు.

మన పిల్లలు వేలమంది ఆ దేశపు రోడ్లు దాటుతున్నారు. ఇక్కడున్న న్యాయ విద్యార్థులకు నా విన్నపం ఒకటే. తీర్పు చదివేటప్పుడు ముందు మనిషిని చదవండి. ఆ మనిషి మీకు నచ్చకపోతే ఇంకాస్త శ్రద్ధగా చదవండి. మాస్టారు మాకు నేర్పింది అదే.