కార్యాలయములలో కోపము

కార్యాలయమున కలహమనగా బల్లపై పిడికిలి మోదుటయే యని మనము తలంతుము. అట్టివి అరుదు. అచ్చటి దౌర్జన్యము తరచుగా మర్యాద ముసుగు వేసికొనియే వచ్చును.

ఫిన్లండు దేశమున బ్యోర్క్‌విస్ట్ ప్రభృతులు విశ్వవిద్యాలయోద్యోగులను పరిశీలించి, 1994లో దీనిని రెండు తెరగులుగా చూపిరి. మాటకు అడ్డు తగులుట, పనిని అన్యాయముగా తక్కువ కట్టుట, నోరు విప్పనీయకుండుట మొదటిది. ఇది పురుషులలో ఎక్కువ. చాటున చాడీలు, ఎత్తిపొడుపులు, పలుకరింపక వెలివేయుట రెండవది. ఇది స్త్రీలలో ఎక్కువ. రెండును ఇరువురియందును కలవనుకొనుడు. అయినను చాడీని అందరును చాడీ యనియే అందురు. మొదటిదానికి మాత్రము 'విమర్శ' యని గౌరవనామము!

ఒకచోట మేము చూచినది చెప్పెదము. గుమాస్తాగా నున్న యువతి వ్రాసిన చిత్తుప్రతిని అధికారి కారణము చూపకయే ముమ్మారు త్రిప్పి పంపెను. మూడవసారి ఆమె గొంతు హెచ్చించినది. అధికారికి దక్షుడను పేరు నిలిచినది. ఆమెకు గయ్యాళి యను పేరు వచ్చినది.

అమెరికాలో బ్రెస్కాల్, ఉల్‌మన్ అనువారు 2008లో ప్రకటించిన ప్రయోగములలోను ఇదియే తేలినది. ఉద్యోగ విషయమున కోపించిన పురుషునకు గౌరవము హెచ్చినది, స్త్రీకి తగ్గినది. చూచినవారు అతని కోపమునకు కారణమును పరిస్థితులందు, ఆమె కోపమునకు కారణమును స్వభావమందు వెదకిరి. బయటి కారణము స్పష్టముగా తెలిసినప్పుడే ఆమెపై చిన్నచూపు తొలగినది. పురుషుని నెవ్వరును అడుగని సంజాయిషీ యిది.