డెన్వరు నగరపు ఎగువ అడవి

వానలు అరుదైన అమెరికా పశ్చిమ సీమలలో నగరములు పర్వతములమీది మంచు కరగి దిగివచ్చు నీటినే నమ్ముకొని బ్రతుకుచున్నవి. కొలరాడో రాష్ట్రమునందలి డెన్వరునకు సౌత్ ప్లాట్ నది అట్టి ఆధారము.

ఆ నదీ పరీవాహకమున 1996లో బఫెలో క్రీక్ కార్చిచ్చును, 2002లో అంతకంటె ఘోరమైన హేమన్ కార్చిచ్చును చెలరేగెను. తీవ్రముగ కాలిన నేల, మైనము పూసినట్లయి, నీటిని ఇంకనీయదు; కావున దరిమిలా కురిసిన జడివానలకు బూడిదయు, ఇసుకయు, బొగ్గైన మ్రాకులును కొట్టుకొనివచ్చి ఆ నదిమీది స్ట్రాన్షియా స్ప్రింగ్స్ జలాశయమును పూడ్చసాగెను. ఆ పూడిక తీయుటకును, నీటిని శుద్ధిచేయుటకును, చెడిన కట్టడములను బాగుచేయుటకును అయిన వ్యయము రెండున్నర కోట్ల డాలర్లకు పైబడెను.

పూడిక తీయుటకంటె అడవిని కాపాడుకొనుటయే మేలని తలచి డెన్వరు జలసంస్థ, 2010లో కేంద్ర అటవీశాఖతో ఒడంబడిక చేసికొని, చెరిసగము భారము వహించునట్లుగా, ఐదేండ్లలో 3 కోట్ల 30 లక్షల డాలర్లు వెచ్చింప పూనుకొనెను. నగరవాసుల వంతు వారు చెల్లించు నీటి రుసుమునుండియే వచ్చినది. కుళాయి విప్పువారే కొండమీది చెట్టునకు కాపుదారులగుట నాకు మిక్కిలి శ్లాఘనీయముగ తోచుచున్నది. ఆ ధనముతో కిక్కిరిసి పెరిగిన వృక్షములను పలుచన చేసి, కాలిన వాలులమీద మొక్కలు నాటిరి. 2017లో ఒడంబడిక పునరుద్ధరింపబడగా రాష్ట్ర అటవీశాఖయు అందు భాగస్వామి యయ్యెను.