వ్యవసాయం బీరువా దాటి చూద్దాం

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా మన సంఘం మండల కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రైతులు చదవాల్సిన పుస్తకాల గురించి నన్ను మాట్లాడమన్నారు. నేను పదో తరగతి వరకే చదివినవాణ్ణి. కథలు, నవలల గురించి చెప్పడానికి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఉన్నారు. నేను చెప్పేది ఉన్న సంగతి ఉన్నట్టు రాసిన పుస్తకాల గురించి.

పంచె కట్టుకున్నవాడు లైబ్రరీకి వెళితే నేరుగా వ్యవసాయం బీరువా చూపిస్తారు. వరి, మిర్చి, పాడి అన్నీ అక్కడే ఉంటాయి, మంచిదే. కానీ మన కష్టాలన్నీ ఆ బీరువాలోనే పుట్టాయా? మొలవని విత్తనం సంగతి చట్టాల బీరువాలో ఉంది. ధర సంగతి అర్థశాస్త్రంలో ఉంది. మందు కొడుతూ గట్టు మీద పడిపోయిన కూలీ సంగతి వైద్యంలో ఉంది.

2001లో పార్లమెంటు చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టమే తీసుకోండి. 39వ సెక్షన్ తెరవండి. రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు వేసి మాత్రం అమ్మకూడదు. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ఈ చట్టం కింద రిజిస్టరైన రకం చెప్పినంత ఫలితం ఇవ్వకపోతే రైతు నష్టపరిహారం అడగొచ్చు. మా ఊళ్లో మిర్చి నారు దెబ్బతిన్నప్పుడు విత్తనాల కొట్టాయన "మీ నేలలో సారం లేదు" అన్నాడు. మన కుర్రాడొకడు ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టాడు. డబ్బు ఇంకా రాలేదు, అర్జీ నడుస్తోంది. నేలను తిట్టడం మాత్రం ఆగింది.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది వ్యవసాయం పుస్తకమే కాదంటే నమ్ముతారా? అమర్త్యసేన్ 1981లో ఇంగ్లీషులో రాసిన 'పావర్టీ అండ్ ఫామిన్స్'. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకున్నాను. 1943 బెంగాల్ కరువులో దాదాపు 30 లక్షల మంది చచ్చిపోయారు. పంట పోయింది కాబట్టి చచ్చారని అందరూ అనుకున్నారు. ఆయన లెక్కలు తీశాడు. ఆ ఏడాదికి అందిన తిండిగింజలు అంతకుముందు ఐదేళ్ల సగటు కంటే సుమారు 5 శాతమే తక్కువ. కరువు రాని 1941 కంటే 13 శాతం ఎక్కువ! మరి జనం ఎందుకు చచ్చారు? యుద్ధం వల్ల బియ్యం ధర ఆకాశానికి ఎక్కింది, కూలి రేటు కింద ఉండిపోయింది. వ్యవసాయ కూలీలు, జాలర్లు ముందు పోయారు. గింజ ఉంది, కొనే శక్తి లేదు. గోదాములు నిండాయని మంత్రులు లెక్కలు చెప్పినప్పుడల్లా నాకు ఈ పుస్తకం గుర్తొస్తుంది. ఎంత పండిందని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోకూడదు. ఎవరి చేతికి ఎంత అందిందని కూడా అడగాలి. కౌలు రైతుకూ అంతే, పంట బాగా వచ్చిన ఏడాది కూడా వాడి ఇంట్లో గింజ ఉండదు.

డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండపల్లెల వాళ్ల కోసం రాసిన పుస్తకం తెలుగులో 'వైద్యుడు లేని చోట'గా వచ్చింది. పాముకాటు నుంచి పసిపిల్లల విరేచనాల దాకా ఉన్నాయి. పాత ముద్రణ దొరికితే మందుల పేర్లు మాత్రం డాక్టరుని అడగండి. తెలంగాణ సాయుధ పోరాటం మీద సుందరయ్య గారి పుస్తకం మనలో చాలామందికి తెలుసు. ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పుకున్న 'మనకు తెలియని మన చరిత్ర' ఎంతమంది చూశారు? అక్కలు ముందు అది పట్టుకోండి.

పుస్తకం ఎంచుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఎవరు రాశారు, ఏ సంవత్సరం అచ్చయింది, ఎవరి డబ్బుతో అచ్చయింది చూడండి. పురుగుమందుల కంపెనీ ఊరికే పంచే పుస్తకంలో పురుగు కంటే మందు బొమ్మే పెద్దగా ఉంటుంది! విషయసూచికలో మీకు కావలసిన ఒక్క అధ్యాయం చదవండి. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవాలని ఎవరూ జీవో ఇవ్వలేదు.

ఇక అసలు సంగతి. ఈ పుస్తకాలు మన శాఖా గ్రంథాలయంలో లేవు, కొనడానికి డబ్బు లేదంటున్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పంచాయతీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీ రసీదు తీసి చూసుకోండి. మనం కట్టాం. అది అక్కడికి చేరిందా? ఎన్నేళ్ల బకాయి ఉంది? పంచాయతీ కార్యదర్శిని అడగండి, చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ ఆ లెక్క తేవాలి. దాంతోపాటు మీ ఊరికి కావలసిన ఐదు పుస్తకాల పేర్లు కూడా రాసి తెండి, రెండూ కలిపి గ్రంథాలయ సంస్థ ఆఫీసులో ఇద్దాం.