నిలబడే మదుపు

పాసివ్ మదుపు అంటే మార్కెట్‌ను మించిపోవాలని ఆరాటపడకుండా, మార్కెట్ ఇచ్చే రాబడినే తక్కువ ఖర్చుతో అందుకోవడం. ఏ షేరు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అన్న మీమాంస ఇందులో ఉండదు. మార్కెట్ సూచీలో ఏ కంపెనీకి ఎంత వాటా ఉంటే, దాన్ని అనుసరించే ఫండ్‌లోనూ అంతే ఉంటుంది. జాన్ బోగల్ స్థాపించిన వాన్‌గార్డ్ సంస్థ 1976లో అమెరికాలో ఎస్ అండ్ పీ 500 సూచీని అనుసరించే ఫండ్‌ను సామాన్యుల ముందుకు తెచ్చింది. 15 కోట్ల డాలర్లు సమకూరుతాయని ఆశిస్తే వచ్చినవి 1.13 కోట్లే. అయినా ఆ ఫండ్ చూపిన దారే తర్వాత ప్రపంచమంతటా రాజమార్గమైంది.

ఈ దారిలో పోల్చి చూడదగిన సరళమైన పోర్ట్‌ఫోలియోలు మూడు. మొదటిది పూర్తిగా షేర్లు. రెండోది 60 శాతం షేర్లు, 40 శాతం బాండ్లు. మూడోది హ్యారీ బ్రౌన్ సూచించిన పర్మనెంట్ పోర్ట్‌ఫోలియో: షేర్లు, దీర్ఘకాలిక ప్రభుత్వ బాండ్లు, బంగారం, నగదు తలా 25 శాతం.

దీర్ఘకాలంలో పైచేయి షేర్లదే. అయితే ఆ రాబడి ఒడిదొడుకులతోనే వచ్చింది. 2008లో ఎస్ అండ్ పీ 500 సూచీ డివిడెండ్లు కలుపుకొని కూడా 37 శాతం నష్టపోయింది. అమెరికా బాండ్ల సూచీ అదే ఏడాది 5 శాతం పెరగడంతో 60-40 మదుపు నష్టం 20 శాతం దగ్గర ఆగింది. బంగారం, ప్రభుత్వ బాండ్లు ఆదుకోవడంతో మూడో పోర్ట్‌ఫోలియో స్వల్ప నష్టంతో గట్టెక్కింది. 37 శాతం పోయిన సొమ్ము మళ్లీ అసలుకు చేరాలంటే 59 శాతం పెరగాలి; 20 శాతం పోతే 25 శాతం చాలు.

అలాగని ఏ మేళవింపూ ప్రతి ఏడాదీ గెలవలేదు. 2013లో అమెరికా షేర్లు 32 శాతం లాభపడగా, బంగారం నాలుగో వంతుకు పైగా పతనమై పర్మనెంట్ పోర్ట్‌ఫోలియోను వెనక్కి లాగింది. 2022లో ద్రవ్యోల్బణం, వడ్డీరేట్ల పెంపు కలిసి షేర్లను 18 శాతం, బాండ్లను 13 శాతం పడగొట్టాయి. 60-40కి 16 శాతం నష్టం తప్పలేదు.

పోలిక ఏ సంవత్సరంతో మొదలైందన్నదీ ఫలితాన్ని మారుస్తుంది. 2000 ఆరంభంలో ఎస్ అండ్ పీ 500లో పెట్టిన డబ్బు, డివిడెండ్లతో కలిపినా, 2009 చివరికి అసలు కంటే తక్కువే. ఆ తర్వాతి పదేళ్లలో అదే సూచీ ఏటా సగటున 13 శాతానికి పైగా రాబడినిచ్చింది. భారత్‌లో నిఫ్టీ సూచీ 2008లో సగానికి పైగా పడి, 2009లో 75 శాతం పెరిగింది. అంత పెరిగినా 2008 తొలినాటి రూ.100 విలువ దాదాపు రూ.85 దగ్గరే నిలిచింది. అందుకే ఒకే కాలం, ఒకే కరెన్సీ, డివిడెండ్లు, ఖర్చులు, ద్రవ్యోల్బణం అన్నీ లెక్కలోకి వస్తేనే పోలిక న్యాయమైనది.

మార్కెట్ రాబడి మదుపరి చేతిలో ఉండదు, ఖర్చు మాత్రం ఉంటుంది. లక్ష రూపాయలు ఏటా 10 శాతం చొప్పున 30 ఏళ్లలో సుమారు 17.4 లక్షలవుతాయి, రుసుముల కింద ఏటా ఒకటిన్నర శాతం పోతే 11.6 లక్షలే.

నేడు పట్టాలు అందుకొని, రేపు తొలి జీతం చూడబోయే యువతీయువకులు గుర్తుంచుకోవలసింది ఇదే: గతంలో అత్యధిక రాబడి ఇచ్చిన పోర్ట్‌ఫోలియో కాదు, పతనంలోనూ విడిచిపెట్టకుండా కొనసాగించగలిగినదే మంచి పోర్ట్‌ఫోలియో. దాన్ని తక్కువ ఖర్చుతో, త్వరగా మొదలుపెట్టాలి, ఓపికతో నిలుపుకోవాలి.