పాత గచ్చు తవ్వడం – ఒక లెక్క
(ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా అంకెల మధ్యనే రిటైరైనవాణ్ణి. ఇవాళ కూడా ఒక లెక్కే చెబుతాను.

మన నాందేడులో పాత ఇళ్ల స్నానాల గదుల్లో షాబాదు బండలో, మొజాయిక్ టైల్సో ఉంటాయి. (షాబాదు ఇప్పుడు కర్ణాటకలో ఉంది గానీ, 1956 దాకా ఆ ఊరూ మన ఊరూ ఒకే హైదరాబాదు రాష్ట్రం.) వాటిని మార్పిద్దామని మేస్త్రీని పిలిస్తే కొత్త టైల్స్ ధర, అతికే కూలి వివరంగా రాసిస్తాడు. పాతది తీయడం మాత్రం కాగితం మీద ఉండదు, చిన్న పని కింద పోతుంది.

ఎంత చిన్నదో చూద్దాం. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు గది. 35 చదరపు అడుగులు. టైల్స్ కింద గచ్చు 2 అంగుళాల మందం అనుకుంటే దాదాపు 6 ఘనపుటడుగులు. గట్టిపడిన సిమెంటు, ఇసుక ఘనపుటడుగుకు 55 నుంచి 60 కిలోలు తూగుతాయి. అంటే సుమారు 350 కిలోలు. మొజాయిక్ టైల్స్ బరువు వంద కిలోల పైమాటే, అది వేరే. తట్టకు 20 కిలోలు పెట్టినా 22 సార్లకు తక్కువ కాకుండా మోయాలి. మేడ మీది ఇల్లయితే మెట్లు కూడా లెక్కేయండి. అందుకే తవ్వడం, మోయడం, పారబోయడం మూడింటికీ కూలి విడిగా రాయించుకోవాలి. గోదావరి ఒడ్డున పారబోస్తే మాత్రం ఒప్పుకోకండి.

ఇక దుమ్ము సంగతి. ఇసుకలో సిలికా ఉంటుంది. ఎండిన గచ్చును పగలగొడితే కంటికి కనబడని సన్నని ధూళి లేస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఎటూ పోదు. ఏళ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. క్షయ అని పొరబడేవారూ ఉన్నారు. ఈ జబ్బు ఒకసారి గది బాగు చేయించుకున్న మనకు రాదు, రోజూ అదే పని చేసే మనిషికి వస్తుంది. ముఖానికి రుమాలు కడితే ఆగదు. 2020లో మనమంతా చూసిన ఎన్-95 మాస్కు కావాలి. కళ్లకు అద్దాలు కూడా.

పని వరుస చెబుతాను. ముందు ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు కట్టేయాలి, నీరు పోయే రంధ్రంలో గుడ్డ కుక్కాలి. గచ్చును తడిపి, ఒక అంచున ఒక టైలు తీసి, అక్కడినుంచి ఉలిని ఏటవాలుగా పెట్టి లేపుకుంటూ పోవాలి. నిలువుగా కొడితే దెబ్బ స్లాబుకో, లోపలి పైపుకో తగులుతుంది. కరెంటు యంత్రం వాడితే తడి ఉన్నచోట ఇ.ఎల్.సి.బి. లేకుండా ప్లగ్గు పెట్టకూడదు. తొందర పెట్టకండి, ఒక రోజు పడితే పడనివ్వండి.

ఈ సభలో మేస్త్రీ పని, కూలి పని చేసే తల్లిదండ్రులూ ఉన్నారు. 1996 చట్టంతో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండళ్లకు దారి పడింది. పాతది కూల్చడం, మరమ్మతు చేయడం కూడా ఆ చట్టం నిర్మాణపు పనిగానే లెక్కించింది. వయస్సు 18 నుంచి 60 లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు ఇలాంటి పని చేసినవారు పేరు నమోదు చేసుకోవచ్చు. మన రాష్ట్ర మండలి పిల్లల చదువుకు కూడా సహాయం ఇస్తుంది. 90 రోజులకు రుజువు కావాలి కాబట్టి, పని చేయించుకున్నవారి దగ్గర తేదీలు వేయించి సంతకం తీసుకోండి. ఆ కాగితం రాయడానికి పదో తరగతి చదివే పిల్లవాడు చాలు.