వానకు ముందే ఇంటి మరమ్మతు

(కొత్తపట్నములో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



1937వ సంవత్సరపు వేసవిలో ఈ కొత్తపట్నమున ఒక రాజకీయ పాఠశాల నడచినది. నాటి ప్రభుత్వము దానిని నిషేధించినది. దేశమునకు సంబంధించిన పెద్ద విషయములు నేర్చుకొనుటకు యువకులు తరలివచ్చిన ఊరిది. అట్టి ఊరిలో నిలిచి మేము నేడు ఇంటి కప్పును గూర్చి, తలుపు బందులను గూర్చి, ఇంటి పద్దును గూర్చి మాటలాడనున్నాము. విషయము చిన్నదని మీకు తోచవచ్చును. కాని అప్పుపడిన కుటుంబములను కారణ మడిగి చూడుడు. మొదట పెండ్లి అందురు, వైద్యమందురు, చదువందురు. మరికొంతసేపు కూర్చున్నచో, “ఇల్లు కురియుచుండెను, ఏమి చేయుదుము?” అను మాట కూడ వినవచ్చును.

మన ప్రాంతమున ఇంటిలోనికి డబ్బు నెల జీతమువలె వచ్చునది కాదు. పడమటి గ్రామములలో ప్రత్తి అమ్మిన పిమ్మట, మిరపకాయలు గుంటూరు యార్డునకు చేరిన పిమ్మట రైతు చేతిలో పైకము కనబడును. తీరమున వేట సాగినన్నాళ్లే రాబడి. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరబోట్లకును, ఇంజను అమర్చిన పడవలకును సముద్రముపై వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధి పొందుటకై ఏర్పరచిన నియమమది. ఆ రెండు మాసములలో మత్స్యకారులు వలలు బాగుచేసికొందురు, పడవలకు రంగు వేసికొందురు. ఇంటి మరమ్మతునకు కూడ అదియే తగిన కాలము. ఎండ కాయుచుండును, చేతులు ఖాళీగా నుండును. కాని చేతిలో కాసు మాత్రముండదు. పిదప అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల భయము. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినది మీ రెరుగుదురు. అట్టి వానలో కప్పు కురిసిన నాడు పరుగెత్తి అప్పు తెత్తురు. తడిసిన కప్పుపై వానలో చేసిన తాపీ పని నిలువదు. అప్పు మాత్రము నిలిచియుండును.

ఆ అప్పు లెక్క ఒక్కసారి చూతము. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అనిన వినుటకు చిన్నగా నుండును. 10,000 రూపాయలకు నెలకు 300, ఏటికి 3,600. వడ్డీ కట్టలేక దానిని నెలనెల అసలులో కలుపుకొనుచు పోయినచో రెండేండ్లకు బాకీ 20,300 దాటును. అనగా ఒక కప్పు బాగుచేయుటకు రెండు కప్పుల ఖరీదు ఇచ్చినట్లు. దీనికి బదులు వేట సాగు తొమ్మిది పది మాసములు నెలకు 300 రూపాయల చొప్పున ఇంటి మరమ్మతు పేర వేరుగా దాచినచో వేసవి నాటికి సుమారు 3,000 చేతనుండును. చిన్న మరమ్మతులకు ఆ మొత్తము చాల దూరము వచ్చును.

ఈ డబ్బును ఎక్కడ దాచవలెను? ఇంటి ముంతలోనా, పోస్టాఫీసులోనా, పొదుపు సంఘములోనా అని మేము పట్టుబట్టము. మహిళా సంఘములను బ్యాంకులతో అనుసంధించు పద్ధతిని నాబార్డు 1992లో ప్రారంభించినది; మన జిల్లాలలో ఆ సంఘములు లేని ఊరు అరుదు. సంఘపు పుస్తకములో ‘ఇంటి మరమ్మతు’ అని ఒక పద్దు వేరుగా వ్రాయించిన చాలును. పేరు పెట్టని డబ్బు పండుగకు పోవును. ఇది మా ఇండ్లలోని అనుభవము కూడ. కనుక మిమ్ము దెప్పి పొడుచుటకు చెప్పుట లేదు.

ఇక కప్పు సంగతి. తీర గ్రామములలో తాటాకు ఇండ్లు తగ్గి శ్లాబు ఇండ్లు పెరిగినవి. శ్లాబు వేసిన పిమ్మట ఇక చింత లేదని అందరును అనుకొందురు. సముద్రపు గాలి అట్లనుకొనదు. గాలిలోని ఉప్పు, తేమ కాంక్రీటు సందులగుండ లోని ఇనుప కడ్డీని చేరును. కడ్డీ తుప్పు పట్టును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండు మూడింతలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు చోటు కోరును. చోటు లేక పైనున్న కాంక్రీటును నెట్టివేయును. మొదట కప్పు క్రింద కడ్డీ వెంబడి గోధుమరంగు మరక, పిదప సన్నని పగులు, ఆ పిదప పెచ్చులు. ఈ క్రమము తప్పదు.

మేము ఒక ఇంట చూచిన సంగతి చెప్పెదము. వంటయింటి కప్పుపై మరకను మొదట కనిపెట్టినది ఆ ఇంటి ఇల్లాలు. రెండేండ్లు చెప్పినది. పెచ్చు ఊడిన పిమ్మట ఇంటివారు తాపీమేస్త్రిని పిలిచి, తుప్పును గీకకయే పైన సిమెంటు పూయించిరి, సున్నము వేయించిరి. ఇల్లు క్రొత్తదైనట్లు కనబడినది. లోపల తుప్పు తన పని తాను చేసికొనుచునే యుండెను. మూడవ ఏట పొయ్యి ప్రక్కన పళ్లెమంత పెచ్చు పడినది. బిడ్డ అప్పుడే లేచి వాకిటికి పోయినందున బ్రతికినది. ఈ మారు మరమ్మతునకు ఆమె మెడలోని గొలుసు తాకట్టు పోయినది. మొదటి మరకనాడే చేయించినచో ఒక సంచి సిమెంటు, రెండు దినముల కూలి సరిపోయెడిది.

కనుక కప్పును ఏటికి రెండు మారులు, వేసవిలో ఒకసారి, తుపానులు గడచిన పిమ్మట ఒకసారి, చిన్న సుత్తితో మెల్లగా తట్టి చూడుడు. గట్టిగా నున్నచోట ఖంగున మ్రోగును. లోపల విడిపోయినచోట డొల్ల శబ్దము వచ్చును. ఆ చోటును సుద్దతో గీసి తారీఖు వేయుడు. ఇది ఇంటివారు తామే చేసికొనదగిన పని. డొల్లను పగులగొట్టుట మాత్రము ఒంటరిగా చేయరాదు. ముందుగా సరుగుడు బాదులతో శ్లాబుకు ఊతమీయవలెను. గట్టి కాంక్రీటు తగులువరకు చెక్కి, కడ్డీ చుట్టును ఖాళీ చేసి, ఇనుప బ్రష్షుతో తళతళలాడు వరకు రుద్దవలెను. కడ్డీ నాలుగవ వంతు తినివేయబడినచో క్రొత్త కడ్డీ జతచేయవలసి యుండును. అది ఇంజనీరు చూచి చెప్పవలసిన మాట. పూత పూసిన పిమ్మట కనీసము వారము, పది దినములు తడుపవలెను. మూడు దినములు తడిపి ఊరకొనుట మన ఊళ్ల సాధారణ వ్యాధి.

అన్నిటికంటె పెద్ద పొరపాటు పని మొదలు పెట్టునపుడే జరుగుచున్నది. ఇసుక ఇంటి ముందరనే యున్నదని సముద్రపుటొడ్డు ఇసుక, నీరు బోరులోనే యున్నదని ఉప్పునీరు వాడుదురు. కడ్డీలున్న కాంక్రీటుకు వాడు నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండరాదని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19 గ్రాములున్నది. అనగా సుమారు నలుబది రెట్లు. నోట పోసికొన్న ఉప్పగా తగులు నీరు శ్లాబుకు పనికిరాదని మేస్త్రికి గట్టిగా చెప్పుడు. ట్యాంకరు నీటికగు ఖర్చు చూచి వెనుదీయకుడు.

రేకుల ఇంటికి గాలి మొదట అంచులను, మూలలను పట్టి లేపును. అచ్చట కొక్కెపు బోల్టులు దగ్గర దగ్గరగా బిగింపవలెను. రేకులపై రాళ్లు పెట్టుట మాన్పించుడు. గాలికి అవి ప్రక్క ఇంటివారి నెత్తిన పడును. తాటాకు ఇంటికి పాత వల పరచి త్రాళ్లతో నేలలోని గుంజలకు బిగించుట తీరమున పెద్దల యుపాయము, అది మంచిదే. డాబా తూములలో ఆకులు తీయుట, పంపునకు వాషరు మార్చుట, తలుపు బందులకు నూనె వేయుట ఎవరి ఇంటి పని వారిదే, ఎవరికిని చెప్పనక్కర లేదు. కరెంటు పని మాత్రము తడిచేతి వారెవ్వరును ముట్టరాదు.

నల్లరేగడి గ్రామములనుండి వచ్చిన సభ్యులు, “మాకు ఉప్పుగాలి లేదు, గోడలే పగులుచున్నవి” అనిరి. ఆ నేల తడిసి ఉబ్బును, ఎండి కుంచించును. గోడ ప్రక్కన నీరు నిలువకుండ, మూడడుగుల వెడల్పున వాలుగా గచ్చు చేసికొన్నచో చాల మేలు కలుగును. స్నానపు నీరు గోడ మొదట పోవుచున్నంత కాలము పగులును ఎన్ని మారులు పూడ్చినను అది మరల తెరచుకొనును.

పంచాయతీ నిధులను సొంత ఇండ్లకు ఖర్చు పెట్టరాదు కదా యని మీరు అడుగవచ్చును. నిజమే. మేము కోరునది వేరు. ఒక నిచ్చెన, రెండు సుత్తులు, ఇనుప బ్రష్షులు, తాపీలు పంచాయతీ కార్యాలయమున నుంచి, పుస్తకములో సంతకము తీసికొని అరువిచ్చిన చాలును. ఊరిలోని బోర్ల నీటిని పరీక్ష చేయించి, ఏది కాంక్రీటుకు పనికివచ్చునో, ఏది రాదో గోడమీద వ్రాయింపుడు. వేట నిషేధమునకు ముందు మార్చి మాసమున జరుగు సమావేశములో సంఘముల స్త్రీలను పిలిచి, ఎవరి కప్పుపై మరక యున్నదో అడుగుడు. మగవారిని అడిగినచో “ఏమియు లేదు” అందురు. ఆ జాబితా పట్టుకొని మీ గ్రామమునకు ఏర్పరచిన ఇంజనీరింగు సహాయకుని వెంటబెట్టుకొని ఆ ఇండ్లకు పోయి రండు. సిమెంటు అందరికి కలిపి ఒక్కసారి తెప్పించినచో బండి కూలి తగ్గును. కాని మూడు నెలలు నిలువ చేయకుడు, దాని బలము తగ్గును.

ముందుగా మీ అంగన్‌వాడీ కప్పును, బడి కప్పును చూడుడు. బిడ్డలు అచ్చటనే ఎక్కువసేపు కూర్చుందురు.

మేము ఒక సుత్తి తెచ్చినాము. అధ్యక్షులు అనుమతించినచో మనము కూర్చున్న ఈ గది కప్పునే మొదట తట్టి చూతము. ఆ కిటికీ పైమూల గోధుమరంగు మరక మాకు వచ్చినప్పటినుండి కనబడుచున్నది.